ఏ లైసెన్సుకు ఎంత బరువు?

తేలిక వాహనాల చిక్కు వీడింది. భారీ లారీల మాటేమిటి?

డ్రైవింగ్ లైసెన్సు మీద వాహన తరగతిని సూచిస్తూ ముద్రించే నాలుగు అక్షరాలను డ్రైవరు గానీ, బండి యజమాని గానీ సాధారణంగా పట్టించుకోరు. ప్రమాదం జరిగి, వ్యవహారం మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునలుకు చేరిన రోజున మాత్రం ఆ నాలుగు అక్షరాలే ప్రధాన సాక్ష్యమవుతాయి. మృతుడి కుటుంబానికి దక్కవలసిన పరిహారాన్ని బీమా సంస్థ భరించాలా, అప్పు చేసి బండి కొనుక్కున్న చిన్న యజమాని ఇల్లు తాకట్టు పెట్టి భరించాలా అన్నది చాలా సందర్భాలలో వాటిని బట్టే తేలుతుంది.

కారు నడిపే లైసెన్సుతో సరకుల బండి నడపవచ్చునా అన్న ప్రశ్నపై రమారమి పాతికేళ్లుగా సాగిన అనిశ్చితికి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తెర దించింది. మొత్తం బరువు 7,500 కిలోలకు మించని సరకు వాహనాన్ని తేలికపాటి మోటారు వాహనాల లైసెన్సుతోనే నడపవచ్చునని, అందుకు ప్రత్యేక అనుమతి అక్కరలేదని స్పష్టం చేసింది. తీర్పు సమంజసమైనదే. అయితే అది నిచ్చెనలో కింది మెట్టును సరిచేసింది తప్ప పై మెట్లను నిర్మించలేదు. నిర్మించవలసిన బాధ్యత పార్లమెంటుది. ఆ బాధ్యత ఎందుకు వాయిదా వేయరానిదో గ్రహించాలంటే రోడ్డు మీద నడుస్తున్న బండ్లను, వాటికి చట్టం విధించిన తూకాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒక పట్టణం, మూడు రకాల బండ్లు

కోల్‌కతా శివార్లలో రాజార్‌హాట్ పొలాల మీద వెలసిన న్యూ టౌన్ ఇందుకు మంచి ఉదాహరణ. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 1999లో హిడ్కో సంస్థను నెలకొల్పి నిర్మాణం తలపెట్టిన ఈ పట్టణం అక్షరాలా లారీల మీద పెరిగింది. బీర్భూం జిల్లా క్వారీల కంకర, దామోదర్ నది ఇసుక, సిమెంటు, ఇనుము మోసుకువచ్చే టిప్పర్లు లేనిదే అక్కడి సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు గానీ, బహుళ అంతస్తుల నివాసాలు గానీ లేవు. ఇవి మొదటి రకం బండ్లు. వీటిలో చాలా వాటి మొత్తం బరువు 12,000 కిలోలు దాటుతుంది.

నిర్మాణం పూర్తయి జనం చేరిన వాడలకు రెండో రకం బండ్లు వస్తాయి. మంచాలు, బీరువాలు, దుకాణాల సరకులు చేరవేసే మినీ లారీలు ఇవి. 1986లో రంగప్రవేశం చేసిన టాటా 407 తరహా వాహనాలన్నమాట. మూడో రకం ఇంకా చిన్నవి. 2005లో విడుదలై, ‘చోటా హాథీ’గా దేశమంతటా పేరుపడిన టాటా ఏస్ వంటి బండ్లు ఇంటి గుమ్మం దాకా సరకు తెచ్చి దింపుతున్నాయి. ఆన్‌లైన్ వ్యాపారం విస్తరించిన తరువాత ఇటువంటి పట్టణాలలో వీటి ప్రాధాన్యం మరింత పెరిగింది.

తెలుగువారికి ఈ గొలుసుతో సంబంధం లేదనుకోవడానికి వీలులేదు. కొల్లేరు పరిసరాల్లోని ఆకివీడు, కైకలూరు, భీమవరం ప్రాంతాల చెరువులలో పెరిగిన బొచ్చె, శీలావతి చేపలు మంచు గడ్డల మధ్య సర్దుకుని, కోల్‌కతాను చెన్నైతో కలిపే 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హౌరా టోకు మార్కెట్టుకు చేరుతాయి. అంత దూరం వాటిని మోసేది భారీ లారీ. అక్కడి నుంచి చిల్లర బజార్లకు చేర్చేది చిన్న బండి. సరకు ఒక్కటే, దానిని నడిపించే చేతులకు కావలసిన లైసెన్సులు మాత్రం వేరు.

చట్టం చెప్పిన తూకం

ప్రస్తుతం అమలులో ఉన్న మోటారు వాహనాల చట్టాన్ని పార్లమెంటు 1988లో చేసింది. 1989 జూలై 1 నుంచి అది అమలులోకి వచ్చింది. తేలికపాటి మోటారు వాహనానికి మొదట 6,000 కిలోలుగా ఉన్న పరిమితిని 1994 సవరణ 7,500 కిలోలకు పెంచింది. సరకు వాహనమైతే బండి, దానిలో ఎత్తగల సరకు కలిపిన మొత్తం బరువును లెక్కలోకి తీసుకుంటారు. కారు, ట్రాక్టరు, రోడ్డు రోలరు విషయంలో ఖాళీ బరువునే చూస్తారు. మొత్తం బరువు 12,000 కిలోలు దాటిన సరకు వాహనం భారీ వాహనం. ఈ రెండింటికీ మధ్య ఉన్నది మధ్యతరహా వాహనం.

చిక్కు వచ్చింది కూడా 1994 సవరణతోనే. అంతకు ముందు లైసెన్సులలో మధ్యతరహా సరకు వాహనం, మధ్యతరహా ప్రయాణికుల వాహనం, భారీ సరకు వాహనం, భారీ ప్రయాణికుల వాహనం అని నాలుగు వేర్వేరు తరగతులుండేవి. సవరణ ఆ నాలుగింటినీ తొలగించి, వాటి స్థానంలో ‘రవాణా వాహనం’ అన్న ఒకే మాటను ఉంచింది. తేలికపాటి వాహనం అన్న తరగతి మాత్రం యథాతథంగా మిగిలింది. దాని నిర్వచనంలోనే 7,500 కిలోల లోపు రవాణా వాహనం కూడా ఉంది. ఫలితంగా ఒక చిన్న సరకుల బండి ఒక నిర్వచనం ప్రకారం తేలికపాటి వాహనం, మరొక నిర్వచనం ప్రకారం రవాణా వాహనం అయి కూర్చున్నది.

రవాణా వాహనాన్ని నడపాలంటే లైసెన్సులో ప్రత్యేకంగా ఆ హక్కు ఉండాలని చట్టంలోని 3వ సెక్షను చెబుతున్నది. తేలికపాటి వాహనానికి 18 ఏళ్లు నిండితే చాలు. రవాణా వాహనానికి 20 ఏళ్లు నిండాలి. తేలికపాటి వాహనాల లైసెన్సు పొంది కనీసం ఏడాది గడిస్తే గాని రవాణా వాహనానికి నేర్చుకునే లైసెన్సు ఇవ్వరు. దరఖాస్తుతో పాటు వైద్య ధ్రువపత్రం జతపరచాలి. రవాణా లైసెన్సు గడువు పూర్వం మూడేళ్లు కాగా, 2019 సవరణ దానిని ఐదేళ్లకు పెంచింది. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న పాత నిబంధనను కూడా కేంద్రం 2019లోనే ఎత్తివేసింది.

బీమా సంస్థల వాదన

ఈ రెండు నిర్వచనాల మధ్య ఉన్న సందులోనే బీమా సంస్థల వాదన పుట్టింది. డ్రైవరు వద్ద ఉన్నది తేలికపాటి వాహనాల లైసెన్సు, ప్రమాదానికి గురైన బండి రవాణా వాహనం, లైసెన్సులో ప్రత్యేక అనుమతి లేదు, కాబట్టి పాలసీ షరతు ఉల్లంఘన జరిగింది. పరిహారం భారం మాది కాదు అన్నది ఆ వాదన సారాంశం. బండి అదే బరువున్న సొంత వ్యానయితే అభ్యంతరం లేదు. దాని నంబరు పలక రంగు మారి పసుపు కాగానే డ్రైవరు అనర్హుడవుతాడు.

న్యాయస్థానాలు కూడా ఈ విషయంలో ఒకే తీరుగా పలుకలేదు. 1999లో అశోక్ గంగాధర్ మరాఠా కేసులో సుప్రీంకోర్టు వాహన యజమాని పక్షాన నిలిచింది. 2009లో అంగద్ కోల్ కేసులో ప్రత్యేక అనుమతి అవసరమన్న అభిప్రాయం వెలువడింది. 2017 జూలై 3న ముకుంద్ దేవాంగన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్లీ అనుమతి అక్కరలేదని తీర్పు చెప్పింది. దానిని అనుసరించి 2018 ఏప్రిల్‌లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు సూచనలు పంపింది. బీమా సంస్థలు ఊరుకోలేదు. చట్టంలోని కొన్ని నిబంధనలను ముకుంద్ దేవాంగన్ తీర్పు పరిగణనలోకి తీసుకోలేదని అవి వాదించడంతో వివాదం 2022 మార్చిలో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదితమైంది.

ఈ అనిశ్చితి మూల్యం చెల్లించినది ఎవరన్నది ముఖ్యం. బీమా సంస్థ ముందుగా బాధితులకు చెల్లించి, ఆ మొత్తాన్ని తరువాత యజమాని నుంచి రాబట్టుకోవాలన్న పద్ధతిని న్యాయస్థానాలు అనేక కేసులలో అనుసరించాయి. అది బాధితులకు కొంత ఊరట. కానీ పదుల లారీలున్న కంపెనీకి, ఒక్క బండి మీద ఇల్లు గడుపుకొనే యజమాని-డ్రైవరుకు ఆ వసూలు ఉత్తర్వు ఒకే తీరుగా తగలదు. మొదటివానికి అది లెక్కల పుస్తకంలో నష్టం. రెండోవానికి బండితో పాటు ఇల్లు కూడా పోగొట్టుకొనే పరిస్థితి. రోడ్డు రవాణా శాఖ విధానాలలోని అస్పష్టతకు అతడు బాధ్యుడు కాడు. కార్యాలయం ఇచ్చిన లైసెన్సు చేతపట్టుకునే అతడు బండి ఎక్కాడు.

రాజ్యాంగ ధర్మాసనం చెప్పినది

బజాజ్ అలయంజ్, రంభాదేవి కేసుగా పేరుపొందిన వివాదాన్ని అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం విచారించింది. జస్టిస్ హృషీకేశ్ రాయ్ రాసిన ఏకగ్రీవ తీర్పు రెండు నిర్వచనాలనూ సమన్వయపరచింది. 7,500 కిలోల లోపు బండికి తేలికపాటి వాహనం అన్న తరగతే వర్తిస్తుంది. రవాణా వాహనాలకు విధించిన అదనపు అర్హతలు ఆ బరువు దాటిన మధ్యతరహా, భారీ వాహనాలకే వర్తిస్తాయి. ప్రమాదకర పదార్థాలు మోసే బండ్లకు, ఈ-రిక్షాలకు, ఈ-కార్టులకు ఉన్న ప్రత్యేక నిబంధనలు మాత్రం కొనసాగుతాయి.

తేలికపాటి లైసెన్సుదారులు సరకు బండ్లు నడపడం వల్లే ప్రమాదాలు పెరుగుతున్నాయని చెప్పడానికి ఆధారపూర్వకమైన గణాంకాలేవీ తన ముందుకు రాలేదని ధర్మాసనం వ్యాఖ్యానించడం గమనార్హం. దేశంలో 2023లో రోడ్డు ప్రమాదాల మృతులు 1.7 లక్షలకు పైబడినప్పటికీ, ఆ భారాన్ని చిన్న బండి డ్రైవరు నెత్తిన రుద్దడానికి న్యాయస్థానం అంగీకరించలేదు. ఇది సరైన వైఖరి.

తీర్పు పర్యవసానం యజమానులు తెలుసుకోవలసి ఉంది. బండి ఆర్.సి.లో నమోదైన మొత్తం బరువు 7,500 కిలోలు, అంతకు తక్కువ అయితే తేలికపాటి లైసెన్సు చాలు. అంతకు ఒక్క కిలో దాటినా రవాణా వాహనాల అర్హత తప్పనిసరి. చూపుకు ఒకే తీరుగా ఉండే రెండు మినీ లారీలలో ఒకటి ఈ గీతకు ఇవతల, మరొకటి అవతల ఉండవచ్చు. గీత దాటిన బండికి బీమా సంస్థ పాత అభ్యంతరం నేటికీ సజీవమే. అర్హత లేనివారికి బండి అప్పగించిన యజమానికి, నడిపినవారికి 2019 సవరణ ప్రకారం రూ. 5,000 వంతున జరిమానా కూడా ఉంది. కాబట్టి కొత్త డ్రైవరును కుదుర్చుకునే ముందు అతని లైసెన్సును ఆర్.సి.తో పోల్చి చూసుకోవడం ఎంతయినా అవసరం.

మిగిలిపోయిన ప్రశ్నలు

తీర్పు చట్టాన్ని ఉన్నది ఉన్నట్టుగా వ్యాఖ్యానించింది. చట్టంలోనే ఉన్న లోపాలను అది పూరించజాలదు. అటువంటివి మూడు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

మొదటిది వైద్య పరీక్ష. ముప్పయి ఏళ్లు నిండని వ్యక్తికి ఇచ్చే మామూలు లైసెన్సు 2019 సవరణ ప్రకారం అతనికి 40 ఏళ్లు వచ్చేవరకు చెల్లుతుంది. అంటే 20 ఏళ్ల యువకుడు నేడు లైసెన్సు తీసుకుని, రోజుకు పది పన్నెండు గంటలు ఏడు టన్నుల మినీ లారీ నడుపుతున్నా, మరో ఇరవై ఏళ్ల పాటు అతని కంటి చూపును పరీక్షించమని లైసెన్సు విధానం కోరదు. ఎనిమిది టన్నుల బండి నడిపే అతని మిత్రుడు మాత్రం ఐదేళ్లకొకసారి వైద్య ధ్రువపత్రం సమర్పించాలి. ఆదివారం నాడు కుటుంబంతో కారులో షికారు వెళ్లేవానికి, రోజంతా స్టీరింగు పట్టుకుని బతికేవానికి ఒకే గడువు ఉండటం హేతుబద్ధం కాదు.

రెండవది అధిక బరువు. లైసెన్సు తరగతిని నిర్ణయించేది ఆర్.సి.లో నమోదైన బరువే తప్ప బండిపై నిజంగా ఎక్కించిన బరువు కాదు. 7,490 కిలోలకు నమోదైన బండిపై పది టన్నుల మేర ఎక్కించినా చట్టం దృష్టిలో అది తేలికపాటి వాహనమే. బ్రేకులకు మాత్రం ఆ సంగతి తెలియదు. పరిమితికి మించి సరకు ఎత్తితే రూ. 20,000, ఆపై ప్రతి అదనపు టన్నుకు రూ. 2,000 చొప్పున జరిమానా 2019 సవరణలో ఉంది. తూకం కాటాలు సక్రమంగా పనిచేయని చోట ఆ నిబంధన కాగితానికే పరిమితమవుతుంది. లైసెన్సు తరగతులు ఎంత పకడ్బందీగా రూపొందించినా, కాటా దగ్గర నిఘా సడలితే అవి నిరర్థకాలే.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, 7,500 కిలోలకు పైనున్న ఖాళీ. 1994లో నాలుగు తరగతులను కలిపివేయడంతో ఆ బరువు దాటిన సమస్త వాహనాలకూ చట్టంలో ఒకే తరగతి మిగిలింది. ఎనిమిది టన్నుల లారీ, 2018 జూలైలో అనుమతి పెంచిన తరువాత 28.5 టన్నులకు చేరిన పది చక్రాల లారీ, 40 టన్నులు దాటిన ట్రైలరు, యాభై మందిని మోసే బస్సు అన్నీ చట్టం దృష్టిలో ‘రవాణా వాహనాలు’. నడిపేవారిని అడిగితే ఈ బండ్ల మధ్య తేడా ఏమిటో చెబుతారు. మలుపులో ట్రైలరు వెనుక భాగం లోపలికి కోసుకుపోతుంది. వెనక్కి నడిపేటప్పుడు స్టీరింగు తిప్పవలసిన దిశ తారుమారవుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడితే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. ఈ విద్యలను మన డ్రైవర్లలో అధికులు క్లీనర్లుగా చేరి, సీనియరు పక్కన కూర్చుని నేర్చుకున్నారు. లైసెన్సు పరీక్ష వారికి నేర్పినది స్వల్పం.

ఇతర దేశాల అనుభవం

బరువును బట్టి మెట్లు కట్టడం కొత్త ఆలోచన కాదు. ఐరోపా దేశాలలో మామూలు కారు లైసెన్సు స్థూలంగా 3.5 టన్నులతో ఆగిపోతుంది. అక్కడి నుంచి 7.5 టన్నుల వరకు ఒక తరగతి, ఆపైన మరొక తరగతి, బరువైన ట్రైలరు తగిలిస్తే ఇంకొకటి. బ్రిటన్ ఈ విధానాన్ని 1997 జనవరి 1 నుంచి కొత్త లైసెన్సుదారులకు అమలు చేసినప్పుడు, అప్పటికే కారు లైసెన్సు ఉన్నవారికి 7.5 టన్నుల వరకు నడిపే హక్కును కొనసాగించింది. సంస్కరణ పేరిట ఎవరి ఉపాధినీ రాత్రికి రాత్రి తొలగించలేదన్నది మనం గ్రహించదగిన పాఠం.

అమెరికా 1986లో చట్టం చేసి వాణిజ్య డ్రైవర్లకు దేశవ్యాప్తంగా ఒకే ప్రమాణం తెచ్చింది. అక్కడ గీత 26,000 పౌన్ల వద్ద, అంటే సుమారు 11,800 కిలోల వద్ద ఉంది. మన భారీ వాహనం సరిహద్దుకు అది దాదాపు సమానం. ఆ బరువు దాటిన విడి లారీకి ‘బి’ తరగతి, 10,000 పౌన్లకు మించిన ట్రైలరును లాగే జంట వాహనానికి ‘ఎ’ తరగతి, ప్రమాదకర పదార్థాలు, ప్రయాణికులు మోసే కొన్ని చిన్న వాహనాలకు ‘సి’ తరగతి ఉన్నాయి. మొదటిసారి ‘ఎ’, ‘బి’ తరగతులలో చేరేవారికి గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణను 2022 ఫిబ్రవరి 7 నుంచి తప్పనిసరి చేశారు. గీత ఎక్కడ గీయాలన్న దానిపై దేశాల మధ్య భేదాలున్నాయి. కానీ విడి లారీని, ట్రైలరును ఒకే గాట కట్టడానికి అవి సిద్ధపడలేదు.

చేయవలసిన పని

చట్టాన్ని సవరించే యోచన ఉన్నట్టు కేంద్రం విచారణ సమయంలో సుప్రీంకోర్టుకు తెలియజేసింది. ఆ సవరణలో ఏమేమి ఉండాలన్నది పైన చెప్పిన అనుభవాలే సూచిస్తున్నాయి. 7,500 కిలోల పైన ఉన్న ఒకే తరగతిని మధ్యతరహా లారీ, భారీ లారీ, ట్రైలరు, బస్సులుగా తిరిగి విడదీయాలి. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు వెళ్లడానికి ఆ తరగతి బండి మీదే పరీక్ష జరగాలి. కింది మెట్టులో 3,500 కిలోలు దాటిన సరకు బండికి కొత్తగా వచ్చేవారికి చిన్న అదనపు పరీక్ష ఉంటే సరిపోతుంది. ఇప్పటికే నడుపుతున్నవారి హక్కుకు భంగం కలుగరాదు. బరువు చిన్నదైనా, పెద్దదైనా డ్రైవింగే వృత్తిగా గలవారందరికీ నిర్ణీత కాలానికి కంటి పరీక్ష ఉచితంగా జరిపించాలి.

తరగతులు పెంచితే లంచాల మెట్లు కూడా పెరుగుతాయన్న విమర్శను తోసిపుచ్చలేము. ప్రతి కొత్త ముద్రకూ దళారి ఒక ధర కట్టగలడు. ప్రత్యేక అనుమతి అక్కరలేదన్న తీర్పును చిన్న డ్రైవర్లు స్వాగతించడానికి ఇదీ ఒక కారణమే. ఇందుకు విరుగుడు తరగతులను ఎత్తివేయడం కాదు, శిక్షణను అందుబాటులోకి తేవడం. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు సంబంధించి 2021 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలు తేలికపాటి వాహనానికి నాలుగు వారాలలో 29 గంటలు, మధ్యతరహా, భారీ వాహనాలకు ఆరు వారాలలో 38 గంటల శిక్షణ నిర్దేశించాయి. అక్కడ ఉత్తీర్ణులైనవారికి రవాణా కార్యాలయంలో మళ్లీ పరీక్ష ఉండదు. ఏర్పాటు మంచిదే. అయితే ఆరు వారాల పాటు కూలి మానుకుని శిక్షణకు వెళ్లగల స్తోమత ఒక క్లీనరుకు ఉండదు. ఆ ఆరు వారాల భత్యాన్ని ప్రభుత్వం, లారీ తయారీ సంస్థలు, బీమా సంస్థలు కలిసి భరించడం న్యాయం. శిక్షణ పొందిన డ్రైవరు వల్ల క్లెయిములు తగ్గితే తొలి లాభం బీమా సంస్థలదే కదా.

లైసెన్సు కార్డు కూడా మారాలి. సంక్షిప్తాక్షరాలకు బదులు ‘మొత్తం బరువు 7,500 కిలోల వరకు’ అని రాష్ట్ర భాషలో, అంకెలలో ముద్రిస్తే డ్రైవరుకు, యజమానికి, తనిఖీ చేసే కానిస్టేబులుకు వివాదం ఉండదు. ఆకివీడులో చేపలు ఎత్తిన డ్రైవరు హౌరా చేరేలోగా తెలుగు, ఒడియా, బెంగాలీ ప్రాంతాలు దాటుతాడు. ఎక్కడయినా అర్థమయ్యేవి అంకెలే.

అన్నింటికీ మించి, డ్రైవరు లైసెన్సు ఏ తరగతిదైనా బాధితుడికి పరిహారం ఆగరాదన్న నియమాన్ని చట్టంలోనే నిస్సందేహంగా చేర్చాలి. రోడ్డు దాటుతున్న వ్యక్తి తనను ఢీకొన్న లారీ బరువెంతో, దాని డ్రైవరు జేబులో ఏ కార్డు ఉందో తెలుసుకుని ప్రాణం పోగొట్టుకోడు. బీమా సంస్థకు, యజమానికి మధ్య లెక్క తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా ఆ కుటుంబం పస్తులుండవలసిన అగత్యం లేదు. తేలిక వాహనాల విషయంలో న్యాయస్థానం తన కర్తవ్యం నెరవేర్చింది. బరువైన పని ఇంకా పార్లమెంటు వద్దే ఉంది.